ఉమ్మడి ఇల్లు, విడిన కాపురం: నివాసగృహ విభాగ చరిత్రలో దంపతుల స్థానం

తెలుగునాట అన్నదమ్ములు ఆస్తి పంచుకొని రాసుకొనే కాగితానికి పారీఖత్తు అని పేరు. పారసీక దఫ్తరు భాష నుండి వచ్చిన మాట ఇది. బాకీలు, హక్కులు తీరిపోయి ఒకరి నుండి ఒకరు విముక్తులైనట్లు తెలిపే పత్రమని దీని మూలార్థం. ఇదే మాట మరాఠీలో ఫారకత్ అయి భార్యాభర్తల విడాకులకు పేరుగా స్థిరపడింది. ఒకే దఫ్తరు నుండి రెండు పొరుగు భాషలు ఒకే మాటను ఎరువు తెచ్చుకొన్నాయి. ఒకటి దానిని అన్నదమ్ముల మధ్య నిలిపింది. మరొకటి ఆలుమగల మధ్యకు తీసుకుపోయింది. మాట ప్రయాణాన్ని బట్టి సమాజాన్ని నిర్ణయించడం సాహసమే అవుతుంది. కాని ఈ భేదం ఒక ప్రశ్నకు దారి చూపుతుంది. కాపురం విడిపోయినప్పుడు ఆ కాపురమున్న ఇల్లు ఏమవుతుంది? అన్నదమ్ములు వేరుపడితే ఇంటిని ఎలా పంచాలో, ఎలా అమ్మాలో చెప్పడానికి మనకు శాస్త్రం, ఆచారం, శాసనం మూడూ ఉన్నాయి. భార్యాభర్తలు ఇద్దరి పేర కొన్న ఇంటిని విడిపోయాక ఏం చేయాలన్నదానికి ప్రత్యేకంగా రూపొందిన నియమం నేటికీ దాదాపు లేదు. అన్నదమ్ముల కోసం చేసిన పనిముట్లనే ఆలుమగలకూ వాడుతూ వచ్చామని, ఆ వాడుకలో నష్టం ఎక్కువగా స్త్రీల వైపే పడిందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కాపురం అనే మాటనే గమనించవచ్చు. నివాసమని ఒక అర్థం, దాంపత్యమని మరొక అర్థం. ఫలానా వీధిలో కాపురముంటున్నామన్నా, అమ్మాయిని కాపురానికి పంపామన్నా మాట ఒకటే. ఇంటివాడంటే అద్దె వసూలు చేసే గృహయజమాని, ఇంటివాడయ్యాడంటే పెళ్ళయినవాడు. స్త్రీలింగంలో ఈ రెండర్థాలు కలిసిరావు. ఇంటిది, ఇల్లాలు అన్నవి భార్యనే చెబుతాయి. యజమానురాలని చెప్పదలిస్తే ఇంటిగలావిడ అని ఇంకో ముక్క చేర్చుకోవాలి.

స్మృతిలోని వరుస

యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయంలో ఋణ ప్రకరణాన ఒక నియమం ఉంది. ఆస్తి విభాగం కాకముందు అన్నదమ్ముల మధ్య, దంపతుల మధ్య, తండ్రీకొడుకుల మధ్య జామీను, అప్పు, సాక్ష్యం చెల్లవని దాని సారం. ఎవరి సొమ్ము ఎవరిదో తేలనిచోట ఒకరికొకరు అప్పుపడడం కుదరదన్నది దీని వెనుక ఉన్న తర్కం. ఇక్కడ గమనించవలసింది ఆ వరుస. అవిభక్తులుగా ఉండగల మూడు జంటలను స్మృతి ఒకే పంక్తిలో కూర్చోబెట్టింది. మధ్యలో దంపతులున్నారు.

విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో దీనిని వ్యాఖ్యానిస్తూ ఒక చిక్కును ఎదుర్కొన్నాడు. జాయాపతులకు విభాగం లేదని ఆపస్తంబ ధర్మసూత్రం చెబుతున్నది. విభాగమే లేనప్పుడు విభాగానికి ముందు అన్న మాటకు అర్థమేమిటి? విజ్ఞానేశ్వరుడి సమాధానం విలువైనది. ఆ అవిభాగం వైదిక, స్మార్త కర్మలకూ వాటి ఫలానికీ సంబంధించినదే కాని ద్రవ్యానికి సంబంధించినది కాదన్నాడు. అగ్నిహోత్రాన్ని పంచుకోలేరు; ధనాన్ని పంచుకోవచ్చు. అయితే ఆ వెంటనే ఒక మెలిక పెట్టాడు. భార్యకు భాగం భర్త ఇచ్ఛ వల్ల కలుగుతుంది, ఆమె తనంత తాను అడిగి కాదు. తండ్రి తన జీవితకాలంలో కొడుకులకు సమభాగాలు పంచదలిస్తే, స్త్రీధనం పొందని భార్యలకూ సమభాగం ఇవ్వాలన్న యాజ్ఞవల్క్య వచనం ఇందుకు ఆధారం.

ద్రవ్యంలో విభాగం ఉందన్నాడు, అడిగే హక్కు లేదన్నాడు. తరువాతి 900 ఏళ్ళ చరిత్రకు ఇదే బీజమని నా అభిప్రాయం.

మితాక్షర తెలుగువారికి పరాయి గ్రంథం కాదు. 13వ శతాబ్దంలో కేతన దానిని అనుసరించి విజ్ఞానేశ్వరీయం రచించాడు. దేశభాషలో పద్యరూపాన ధర్మశాస్త్రాన్ని అందించిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి. మన సాహిత్య చరిత్రలు ఈ గ్రంథాన్ని కవి జాబితాలో చేర్చి ముందుకు సాగిపోతాయి. అది వ్యవహార గ్రంథమన్న సంగతి మీద నిలిచినవారు తక్కువ. ఇక దక్షిణదేశంలో మితాక్షరతో పాటు ప్రామాణ్యం పొందిన స్మృతిచంద్రిక స్త్రీలకు భాగమిచ్చే విషయంలో మరింత సంకోచించింది. కొడుకులు పంచుకొన్నప్పుడు భార్యకో తల్లికో వాటా ఇచ్చే పద్ధతి మద్రాసు ప్రాంతంలో ఎప్పుడో వాడుక తప్పిందని బ్రిటిషు కాలపు న్యాయ గ్రంథాలు రాశాయి. న్యాయస్థానాలు అదే పాటించాయి. ఆ విధంగా భర్త ఇచ్ఛ మీద ఆధారపడిన భాగం కూడా మన ప్రాంతంలో మాయమైంది. మిగిలింది మనోవర్తి.

గోడ పెట్టడం, వెల కట్టడం

పొలాన్ని పంచడం తేలిక. ఇల్లు అలా కాదు. గోదావరి, కృష్ణా మండలాల మండువా లోగిలిని ఊహించుకొంటే చిక్కు అర్థమవుతుంది. నడుమ ఆకాశం కనిపించే మండువా, చుట్టూ వసారాలు, ఒకే సింహద్వారం, ఒకే నుయ్యి. ఇద్దరన్నదమ్ములు వేరుపడితే మండువాకు అడ్డంగా గోడ లేస్తుంది. నుయ్యి ఉమ్మడిగా ఉంటుంది. నడవలో ఎవరికి నడక హక్కు, వాననీరు ఎటు పోవాలి, పెరటి దొడ్డికి దారి ఎవరిది, అన్నీ రాయాలి. చెక్కుబందీ చదివితే చాలు, ఆ ఇంట్లో ఎవరి మనసు ఎక్కడ విరిగిందో తెలుస్తుంది. చీట్లు వేసి పాళ్ళు తీయడం, విలువ తేడా వస్తే ఎక్కువ పొందినవాడు తక్కువ పొందినవాడికి సొమ్ము కట్టడం ఆచారం. వేరు కుంపటి పెట్టుకోవడమన్న జాతీయం ఈ అనుభవం నుండే పుట్టింది. పొయ్యి వేరైతే మనుషులు వేరైనట్లే. ఇల్లు మాత్రం ఒకే కప్పు కింద ఉండవచ్చు. పాలివాడు పొరుగువాడవుతాడు, దాయాదిగా మిగులుతాడు, చావుకీ పెళ్ళికీ వస్తాడు. అన్నదమ్ముల విభాగంలో ఈ సౌలభ్యం ఉంది. విడిపోయిన భార్యాభర్తలకు మండువా మధ్య గోడ పరిష్కారం కాదు.

బ్రిటిషు శాసనాలు మొదట ఈ అన్నదమ్ముల ఇంటినే రక్షించాయి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 44వ సెక్షను ప్రకారం, అవిభక్త కుటుంబపు నివాసగృహంలో ఒకరు తమ వాటాను బయటివాడికి అమ్మితే, కొన్నవాడికి ఆ ఇంట్లో ఉమ్మడి స్వాధీనం కోరే హక్కు లేదు. వాడు విభాగానికి దావా వేసుకోవలసిందే. 1893 నాటి విభాగ చట్టం ఇంకో అడుగు వేసింది. 4వ సెక్షను ప్రకారం, అలా దావా వేసిన బయటివాడి వాటాను న్యాయస్థానం కట్టిన వెలకు తామే కొంటామని కుటుంబంలోని వాటాదారు ముందుకు వస్తే వారికే అమ్మాలి. పరాయివాడు అంతఃపురంలోకి రాకూడదన్న భావన దీని వెనుక ఉంది. అవిభక్త కుటుంబమంటే హిందూ సమష్టి కుటుంబమే కానక్కరలేదని, మహమ్మదీయ కుటుంబాలకూ ఇది వర్తిస్తుందని న్యాయస్థానాలు త్వరలోనే తేల్చాయి.

మనకు కావలసినవి ఆ చట్టంలోని 2, 3 సెక్షన్లు. అంతవరకు న్యాయస్థానానికి ఆస్తిని కొలిచి ముక్కలు చేయడమే తెలుసు. అమ్మించి సొమ్ము పంచే అధికారం లేదు. ఇంగ్లండులో 1868 శాసనం ఆ అధికారాన్ని ఇచ్చింది. దాని పోలికలోనే ఇక్కడా 1893లో ఏర్పాటు జరిగింది. ఆస్తి స్వభావం వల్ల గాని వాటాదారుల సంఖ్య వల్ల గాని సహేతుకంగా పంచడం కుదరదని, అమ్మితేనే అందరికీ మేలని న్యాయస్థానానికి తోస్తే, సగానికి తగ్గని వాటా గలవారు కోరినప్పుడు అమ్మకానికి ఉత్తరువు ఇవ్వవచ్చు. అయితే అమ్మకం కోరినవారి వాటాను వెల కట్టించి తామే కొంటామని ఇతర వాటాదారు అడిగితే, వారికి ఆ అవకాశం ముందుగా ఇవ్వాలి. సగం అన్న కొలత పదిమంది దాయాదుల మధ్య ఒకరిద్దరి మొండితనాన్ని అదుపు చేయడానికి ఉద్దేశించినది. అదే కొలత ఒక శతాబ్దం తరువాత చెరి సగం వాటా గల ఇద్దరు మనుషుల మీదికి వచ్చినప్పుడు ఏమవుతుందో శాసనకర్తలు ఆలోచించి ఉండరు.

రెండిళ్ళ మధ్య స్త్రీ

20వ శతాబ్దంలో స్త్రీల ఆస్తిహక్కు మీద వచ్చిన శాసనాలను ఇక్కడ తడిమి వదిలితే చాలు. 1937 చట్టం వితంతువుకు భర్త ఆస్తిలో పరిమిత హక్కునిచ్చింది. 1946 చట్టం వివాహిత హిందూ స్త్రీ కొన్ని కారణాల మీద భర్తకు దూరంగా ఉంటూ మనోవర్తి పొందవచ్చన్నది. 1949లో మద్రాసు రాష్ట్రం ద్విభార్యాత్వాన్ని నిషేధిస్తూ హిందువులకు విడాకుల హక్కు కల్పించింది. సర్కారు, రాయలసీమ జిల్లాలకు న్యాయస్థానపు విడాకులు 1955 హిందూ వివాహ చట్టానికి ముందే వచ్చాయన్నమాట. పలు కులాలలో పెద్దల ముందు తప్పు కట్టి విడిపోయే ఆచారం అంతకు ఎన్నో తరాల ముందు నుండీ ఉంది. దానిని 1955 చట్టం 29వ సెక్షను రద్దు చేయకుండా నిలిపింది. కుల పంచాయతీలో పెళ్ళిఖర్చులు, నగలు, పిల్లల సంగతి తేల్చేవారు. ఇల్లు తేల్చవలసిన విషయంగా వచ్చేది కాదు, ఎందుకంటే ఇల్లు మగవాడి వంశానిది.

1955 చట్టం 27వ సెక్షను మాత్రం ఒక సన్నని సందు తెరిచింది. వివాహ సమయంలోనో ఆ దరిదాపులోనో కానుకగా వచ్చి దంపతులిద్దరికీ ఉమ్మడిగా చెందే ఆస్తి విషయంలో న్యాయస్థానం విడాకుల డిక్రీలోనే ఏర్పాటు చేయవచ్చు. వెండి కంచాలు, మంచం, బీరువా ఈ సందులో దూరుతాయి. పెళ్ళయిన పదేళ్ళకు ఇద్దరి జీతాలతో కొన్న ఇల్లు దూరదు. కానుక పెళ్ళికి ముందో తరువాతో వచ్చినా వివాహ సంబంధమైతే చాలునని 1997లో సుప్రీంకోర్టు అర్థాన్ని కొంత విస్తరించింది గాని, కొనుగోలు కానుక కాజాలదు.

అసలు విడ్డూరం 1956 హిందూ వారసత్వ చట్టంలో ఉంది. 14వ సెక్షను స్త్రీ స్వాధీనంలోని ఆస్తిపై ఆమెకు సంపూర్ణ యాజమాన్యం ఇచ్చింది. అమ్ముకొనే హక్కు యాజమాన్యంలో భాగమన్న విషయం న్యాయస్థానాలు గట్టిగా చెప్పడానికి ఇంకా ఇరవై ఏళ్ళు పట్టింది. ఆంధ్రదేశం నుండి వెళ్ళిన తులసమ్మ వ్యాజ్యం అందుకు ప్రసిద్ధ నిదర్శనం. వితంతువైన ఆమెకు మనోవర్తి కింద 1949లో రాజీ మీద కొంత ఆస్తి దక్కింది. అన్యాక్రాంతం చేయకూడదన్న షరతు ఉంది. ఆమె 1960, 1961 సంవత్సరాలలో కొంత కౌలుకిచ్చింది, కొంత అమ్మింది. మరిది దావా వేశాడు. మనోవర్తి హక్కు ముందునుండీ ఉన్నదే కనుక దాని బదులుగా వచ్చిన ఆస్తి ఆమె సొంతమని, షరతు నిలవదని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మనోవర్తి అన్న మాటలోని దాక్షిణ్య ఛాయను తొలగించి దానిని హక్కుగా గుర్తించిన తీర్పు ఇది.

అదే చట్టంలోని 23వ సెక్షను ఇందుకు పూర్తిగా ఎదురు. వీలునామా లేకుండా మరణించిన హిందువు వారసులలో స్త్రీలూ పురుషులూ ఉండి, ఆస్తిలో కుటుంబ సభ్యులే పూర్తిగా నివసించే ఇల్లు ఉంటే, పురుష వారసులు తమ వాటాలు పంచుకోదలచేవరకు స్త్రీ వారసురాలు ఆ ఇంటి విభాగం కోరరాదు. వాటా ఉంది, విభాగం అడగరాదు. మితాక్షరలోని పాత మెలిక 1956లో కొత్త బట్ట కట్టింది. పురుష వారసుడు ఒక్కడే ఉంటే తనతో తాను పంచుకోవడమన్నది ఉండదు కదా అన్న వాదనను కూడా 1996లో సుప్రీంకోర్టు అంగీకరించలేదు. ఒక్కడున్నా నిషేధం నిలుస్తుందన్నది, అయితే ఇల్లు అద్దెకిచ్చినది కాకుండా వారు నివసించేదై ఉండాలన్నది.

ఆ సెక్షను చివర ఒక నిబంధన ఉంది. విభాగం కోరలేని స్త్రీకి ఆ ఇంట్లో నివాసహక్కు ఉంది. కాని ఆమె కుమార్తె అయితే, అవివాహిత, వితంతువు, భర్త విడిచిపెట్టినది, భర్త నుండి విడిపోయినది, ఈ నలుగురికే ఆ హక్కు. కాపురం చెడిన స్త్రీని శాసనం పేరు పెట్టి గుర్తించింది. పుట్టింటి వసారాలో ఆమెకు చోటిచ్చింది. ఆ చోటును సొమ్ముగా మార్చుకొని వేరే గది కొనుక్కొనే హక్కు ఇవ్వలేదు. అత్తింట ఆమెకు వాటా లేదు. పుట్టింట వాటా ఉన్నా అమ్మకం అన్నదమ్ముల ఇష్టం. కాపురం బాగున్నంతకాలం పుట్టింట నివాసహక్కు లేదు, కాపురం చెడితే నివాసం తప్ప మరో హక్కు లేదు. ఈ ఏర్పాటు 49 ఏళ్ళు అమలులో ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో దీనికి మరో చిక్కు తోడైంది. 1986లో చేసిన రాష్ట్ర సవరణ, 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించేలా, కుమార్తెను జన్మతః సమాంశభాగిని చేసింది. దేశంలో ఇది తొలి అడుగు. మన చరిత్రకారులు దీనికి తగినంత గౌరవం ఇవ్వలేదు. కాని అది అప్పటికే పెళ్ళయిన కుమార్తెలను మినహాయించింది. అంటే 1980లో పెళ్ళయి 1990లో కాపురం చెడి పుట్టింటికి వచ్చిన స్త్రీకి, పెళ్ళి కాని ఆమె చెల్లెలికి ఉన్న హక్కు లేదు. తుది డిక్రీ వెలువడేవరకు విభాగం పూర్తికానట్లేనని, ప్రాథమిక డిక్రీ తరువాత వచ్చిన శాసనం వల్లనైనా కుమార్తెలకు వాటా దక్కుతుందని 1991లో సుప్రీంకోర్టు చెప్పడం కొంత ఊరట. 2005 కేంద్ర సవరణ పెళ్ళి షరతును తీసివేసింది, 23వ సెక్షనును పూర్తిగా తొలగించింది.

ఇద్దరి పేర దస్తావేజు

ఈలోగా ఇంటి రూపమే మారిపోయింది. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టం కాలానికి హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాలలో ఇల్లంటే అంతస్తుల భవనంలో ఒక ఫ్లాటు, దానితో పాటు నేలలో విడదీయరాని వాటా. దస్తావేజులో గజాలు రాస్తారు గాని ఆ గజాలు ఎక్కడున్నాయో ఎవరూ చూపలేరు. బ్యాంకు ఇద్దరి జీతాలు చూసి అప్పిస్తుంది కనుక కొనుగోలుదారులుగా ఇద్దరి పేర్లూ పడతాయి. తెలుగు కుటుంబ చరిత్రలో భార్య పేరు, భర్త పేరు పక్కపక్కన ఇంటి యజమానులుగా ఇంత విస్తారంగా కనిపించడం ఇదే మొదలు. ఆ సంతకాలు సమానత్వ భావన వల్ల కాక అప్పు అర్హత వల్ల పడినవి కావచ్చు. ఫలితం మాత్రం ఒకటే.

కాపురం చెడినప్పుడు ఈ ఫ్లాటును ఎవరూ గోడ పెట్టి పంచలేరు. మిగిలిన దారి అమ్మకమే. ఇద్దరూ ఒప్పుకొంటే చిక్కు లేదు. బ్యాంకు అప్పు తీర్చి మిగిలింది పంచుకొంటారు, లేదా ఒకరు మరొకరికి హక్కు విడుదల దస్తావేజు రాస్తారు. ఒప్పుకోకపోతే చేరవలసింది ఆ 1893 చట్టం దగ్గరికే. 1984 కుటుంబ న్యాయస్థానాల చట్టం దంపతుల ఆస్తి తగాదాను కుటుంబ న్యాయస్థానానికి అప్పగించింది. విడాకుల తరువాత కూడా ఆ అధికారం ఉంటుందని 2003లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాని మారింది గది, పనిముటు మారలేదు.

మొదటి ప్రశ్న ఎవరి వాటా ఎంత అన్నది. ఆస్తి బదలాయింపు చట్టం 45వ సెక్షను ప్రకారం, వేరు వేరు సొమ్ముతో ఉమ్మడిగా కొన్నప్పుడు వేరే ఒప్పందం లేకపోతే ఎవరు పెట్టిన సొమ్ము నిష్పత్తిలో వారికి వాటా. సాక్ష్యం లేకపోతే సమానం. పైకి న్యాయంగా కనిపించే ఈ నియమం కాపురంలోకి వచ్చేసరికి వంకర పోతుంది. భర్త జీతంలో నుండి నెలవారీ వాయిదా కట్టారు. భార్య జీతంతో బియ్యం, బడి ఫీజు, మామగారి మందులు గడిచాయి. బ్యాంకు పుస్తకం మొదటి దానికే సాక్ష్యం పలుకుతుంది. బజారు సంచికి రశీదు ఉండదు. అన్నదమ్ముల మధ్య ఎవరి సంపాదన ఎంతని అడగకుండానే సమష్టి కుటుంబ ధర్మం సమభాగాలిచ్చింది. ఊళ్ళో కూర్చుని పశువులు కాచిన తమ్ముడికీ, పట్నంలో గుమాస్తా పని చేసి కుటుంబానికి డబ్బు పంపిన అన్నకూ ఉమ్మడి సొమ్ములో ఒకే పాలు. దంపతుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం వర్తకుల లెక్క ముందుకొచ్చింది. ఇంటి చాకిరీ కూడా ఆస్తి కూడబెట్టడానికి తోడ్పాటేనని, భర్త పేర కొన్న ఆస్తిలో గృహిణికి సమాన వాటా ఉందని 2023లో మద్రాసు హైకోర్టు ఒక వ్యాజ్యంలో చెప్పింది. అది ఒక హైకోర్టు దృష్టి. శాసనం ఇంకా ఆ మాట అనలేదు.

రెండవది అమ్మకం. చెరి సగమైతే 2వ సెక్షనులోని సగం అన్న కొలత ఇద్దరికీ సరిపోతుంది, ఎవరైనా అమ్మకం కోరవచ్చు. కోరిన వెంటనే ఎదుటివారికి 3వ సెక్షను కింద ఆ వాటా కొనే అవకాశం వస్తుంది. కాగితం మీద ఇది సమానమే. ఆచరణలో వెల కట్టిన సొమ్ము చేతిలో ఉన్నవారికే ఇల్లు. పదిమంది దాయాదులలో ఎవరో ఒకరి దగ్గర డబ్బుంటుందన్న ఊహ మీద కట్టిన నియమం, అప్పు వాయిదాలు, అద్దె, వకీలు ఫీజు ఒకేసారి మీద పడిన స్త్రీకి ఎంతవరకు ఉపకరిస్తుందో చెప్పనక్కరలేదు. అందుకే ఆమె సాధారణంగా అమ్మకం కోరకుండా నివాసం కోరుతుంది.

ఆ నివాసాన్ని 2005 గృహహింస నిరోధక చట్టం ఇచ్చింది. హక్కు పత్రం ఎవరి పేర ఉన్నా, కలిసి కాపురమున్న ఇంట్లో స్త్రీకి ఉండే హక్కు ఉందని 17వ సెక్షను చెబుతుంది. ఆ ఇంటిని భర్త అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా న్యాయాధికారి 19వ సెక్షను కింద నిలుపవచ్చు. అత్తమామల సొంత ఇంటికి ఇది వర్తించదని 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు అర్థాన్ని కుదించింది. 2020 అక్టోబరులో అదే న్యాయస్థానం ఆ తీర్పును తోసిపుచ్చింది. దీని విలువను తక్కువ చేయలేము. అయినా ఇది అమ్మకాన్ని ఆపే శక్తి, ఇంటిని న్యాయంగా అమ్మించి వాటా చేతిలో పెట్టే శక్తి కాదు. ఒక దావాలో భర్త అమ్మకం కోరుతాడు, మరో దరఖాస్తులో భార్య నిషేధపు ఉత్తరువు తెచ్చుకొంటుంది. రెంటి మధ్య ఫ్లాటుకు తాళం పడుతుంది. వడ్డీ మాత్రం ఆగదు.

1893 నమూనాను మనకిచ్చిన ఇంగ్లండు ఆ నమూనా దగ్గర ఆగిపోలేదు. 1973 వివాహవ్యాజ్యాల చట్టం కింద విడాకులిచ్చే న్యాయస్థానమే దంపతుల ఆస్తిని ఎవరి పేర ఉన్నా సర్దుబాటు చేయవచ్చు. మన దేశంలోనే గోవాలో పోర్చుగీసు పౌరస్మృతి వల్ల వివాహంతోనే ఆస్తి ఉమ్మడి అయ్యే పద్ధతి నేటికీ ఉంది. 2010లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన వివాహ చట్టాల సవరణ బిల్లు, దాంపత్యం పునరుద్ధరణకు వీలులేకుండా విరిగిపోయిందన్న కారణం మీద విడాకులిచ్చేటప్పుడు భర్త స్థిరాస్తిని కూడా లెక్కలోకి తీసుకొని భార్యకు పరిహారం నిర్ణయించే అధికారం ఇవ్వబోయింది. 2013లో రాజ్యసభ ఆమోదించింది. లోక్‌సభ ఆమోదం లేకుండానే 2014లో బిల్లు మురిగిపోయింది.

అందువల్ల ఇప్పుడు ఎక్కువ ఇళ్ళు తీర్పుతో కాక రాజీతో తేలుతున్నాయి. పరస్పర సమ్మతి విడాకుల దరఖాస్తుతో పాటు రాజీపత్రం రాసుకొంటారు. ఫ్లాటు ఎవరికి, అప్పు ఎవరిది, ఎంత సొమ్ముకు ఎవరు హక్కు వదులుకొంటున్నారు అన్నది అందులో ఉంటుంది. ఇల్లు ఆ విడాకుల వ్యాజ్యంలో వివాద విషయం కాదు కనుక, రిజిస్ట్రేషను చట్టం 17వ సెక్షను ప్రకారం రాజీ డిక్రీ అయినా సరే ఆ బదలాయింపుకు రిజిస్ట్రేషను తప్పదు. ఇద్దరూ మరొకసారి సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్ళి, పక్కపక్కన నిలబడి వేలిముద్రలు వేసి, హక్కు విడుదల దస్తావేజు రాసుకొంటారు. ఒకరి నుండి ఒకరు విముక్తులయ్యామని, ఇకమీదట బాకీలు, దావాలు లేవని అందులో ఉంటుంది. పారీఖత్తులో అన్నదమ్ములు రాసుకొన్న వాక్యం అదే.